కంప్యూటర్ కట్టేశాక గోడ స్విచ్ కూడా కట్టేయాలా?

రాత్రి తొమ్మిదికి శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో డీటీపీ షాపులు మూసే వేళ గమనిస్తే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు సిస్టమ్ షట్‌డౌన్ కొట్టి, ఫ్యాను ఆగేదాకా ఉండి, బోర్డు మీది స్విచ్‌లు వరసగా కట్టేసి షట్టర్ దించుతారు. ఇంకొకరు షట్‌డౌన్ కొట్టి అలాగే వెళ్లిపోతారు. మొదటివాళ్లను కారణం అడిగితే గాలివాన రాత్రి మదర్‌బోర్డు కాలిన కథ చెబుతారు. రెండోవాళ్లను అడిగితే, స్విచ్ కట్టేసి వెళ్లిన మర్నాడు సిస్టమ్ ఇక లేవని కథ చెబుతారు. తమాషా ఏమిటంటే రెండు కథలూ నిజంగా జరిగేవే.

ఒక్క ముక్కలో జవాబు రాకపోవడానికి కారణం, ఇది మూడు నాలుగు ప్రశ్నల మూట కావడమే. కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది అన్నది ఒకటి. లోపలి భాగాలు ఎలా అరుగుతాయి అన్నది రెండోది. పిడుగు, వోల్టేజీ హెచ్చుతగ్గుల సంగతి మూడోది. యూపీఎస్ ఉన్న ఇంట్లో నాలుగో ప్రశ్న కూడా ఉంది. వీటి జవాబులు ఒకదానితో ఒకటి కలవవు. ముందు మూట విప్పాలి.

షట్‌డౌన్ అయ్యాక కూడా లోపల వెలిగే దీపం

సిస్టమ్ షట్‌డౌన్ చేసి, సీపీయూ డబ్బా పక్క రేకు తీసి చూడండి. చాలా మదర్‌బోర్డుల మీద ఆవగింజంత ఎల్‌ఈడీ ఒకటి ఇంకా వెలుగుతూ ఉంటుంది. వెనకాల లాన్ కేబుల్ పెట్టే చోట దీపం మిణుకుమంటూ ఉండొచ్చు. కొన్ని సిస్టమ్‌లలో మౌసు తిరగేస్తే ఎర్ర వెలుగు కూడా పోదు. అంటే షట్‌డౌన్ అన్నది కరెంటు తెంచడం కాదన్నమాట.

పాతకాలం కంప్యూటర్లలో అది తెంచడమే. డబ్బా ముందు టప్పున పడే పెద్ద స్విచ్ ఉండేది, దాని వెనక 230 వోల్టుల లావుపాటి వైరే వచ్చేది. విండోస్ 95 రోజుల్లో పని ముగిశాక, ఇక కంప్యూటర్ ఆపుకోవచ్చు అని నారింజ రంగు అక్షరాలు తెర మీద వచ్చేవి. ఆ తర్వాత మనిషే స్విచ్ నొక్కాలి. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతితో ఇది మారిపోయింది. ఇప్పుడు ముందున్న పవర్ బటన్ కాలింగ్ బెల్లు లాంటిది. నొక్కితే కబురు వెళుతుంది, తలుపు తీసేది లోపలివాళ్లే.

మన వైపు మెకానిక్కులంతా ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై డబ్బాలో నిజానికి రెండు సప్లైలు ఉంటాయి. పెద్దది 12, 5, 3.3 వోల్టులు ఇచ్చేది. సిస్టమ్ ఆన్‌లో ఉన్నప్పుడే అది నడుస్తుంది. చిన్నది 5 వోల్టుల స్టాండ్‌బై సప్లై. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ దానికి విశ్రాంతి లేదు. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదా రంగు వైరు దానిదే. బటన్ నొక్కగానే ఆ చిన్న సప్లై మీద బతుకుతున్న మదర్‌బోర్డు మేలుకుని ఆకుపచ్చ వైరును భూమికి, అంటే నల్ల వైరుకు కలుపుతుంది. అప్పుడు పెద్ద సప్లై లేస్తుంది. గోడ స్విచ్ కట్టేయాలా అన్న చర్చంతా ఈ ఊదా వైరు వెనకున్న చిన్న సప్లై గురించే.

స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్: దేని మీద స్విచ్ కడితే ఏం పోతుంది

స్లీప్‌లో పెట్టినప్పుడు మీరు తెరిచిన ఫైళ్లన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. ర్యామ్‌కు ప్రాణం ఆ స్టాండ్‌బై కరెంటే. ఆ స్థితిలో గోడ స్విచ్ కట్టేస్తే సేవ్ చేయని పని గాలిలో కలిసినట్టే. హైబర్నేట్‌లో అయితే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసి పెట్టాకే సిస్టమ్ ఆగుతుంది, కాబట్టి తర్వాత కరెంటు తెంచినా పని పోదు.

ఇక షట్‌డౌన్‌లో ఒక మెలిక ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. మీ ప్రోగ్రాములు మూస్తుంది, కానీ విండోస్ గుండెకాయలాంటి భాగాన్ని మాత్రం హైబర్నేట్ చేసినట్టు డిస్క్ మీద దాస్తుంది. మర్నాడు తొందరగా తెరుచుకోవడం అందుకే. ఇది తెలిసిన కొందరు, షట్‌డౌన్ పూర్తిగా జరగదు కాబట్టి స్విచ్ కట్టేస్తే విండోస్ పాడవుతుందని చెబుతుంటారు. అది సరికాదు. దాచింది డిస్క్ మీద, డిస్క్‌కు రాత్రంతా కరెంటు అక్కర్లేదు. రాయడం పూర్తయ్యే వరకు ఆగడమే ముఖ్యం. నిజంగా పూర్తి షట్‌డౌన్ కావాలంటే షిఫ్ట్ బటన్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే సరిపోతుంది. రీస్టార్ట్ ఎప్పుడూ పూర్తిగానే జరుగుతుంది.

జరిగే తప్పు వేరే చోట ఉంది. మానిటర్ నల్లబడగానే సిస్టమ్ ఆగిందనుకుంటారు. మానిటర్‌కు సిగ్నల్ ముందే ఆగిపోతుంది, లోపల డిస్క్ మీద రాత ఇంకా సాగుతూ ఉండొచ్చు. అప్‌డేట్లు ఉన్న రోజైతే నిమిషాల కొద్దీ పడుతుంది. చూడాల్సింది తెరను కాదు, డబ్బా ముందున్న పవర్ దీపాన్ని. అది ఆరి, ఫ్యాను చప్పుడు ఆగాక ఎప్పుడు స్విచ్ కట్టినా డేటాకు వచ్చిన నష్టం లేదు.

ఎస్‌ఎస్‌డీకి, అంటే తిరిగే పళ్లెం లేని చిప్పుల డిస్క్‌కు, కరెంటు అందుతూ ఉండాలి, లేకపోతే డేటా చెరిగిపోతుందన్న భయం కూడా ఒకటి వినిపిస్తుంది. ఏళ్ల తరబడి మూలన పడేసిన డిస్క్ విషయంలో ఆలోచించాల్సిందే. రాత్రి ఆపి పొద్దున్న వేసే సిస్టమ్‌కు ఆ బెంగ లేదు. పైగా షట్‌డౌన్ తర్వాత ఎస్‌ఎస్‌డీకి వెళ్లే వైర్లలో కరెంటే ఉండదు, అవి పెద్ద సప్లైవి. గోడ స్విచ్ వేసి ఉంచినా దానికి ఒరిగేది సున్నా.

బిల్లు లెక్క: సీపీయూది గోరంత

పాత, చవక ఎస్‌ఎంపీఎస్‌లు షట్‌డౌన్ స్థితిలో 3 నుంచి 5 వాట్లు తింటాయి. యూరప్‌లో ఇలాంటి ఖర్చుకు 2010లో 1 వాటు, 2013 నుంచి అర వాటు హద్దు పెట్టారు. ఆ దేశాలకు అమ్మే కంపెనీలే ఇక్కడా అమ్ముతాయి కనుక మంచి కంపెనీ కొత్త సప్లైలు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి.

ఇంట్లో రోజుకు ఆరు గంటలు వాడి, పద్దెనిమిది గంటలు ఆపి ఉంచే సిస్టమ్ తీసుకుందాం. యూనిట్ 6 రూపాయలు అనుకుందాం. 3 వాట్ల చొప్పున 18 గంటలు, 365 రోజులు అంటే 19.7 యూనిట్లు, ఏడాదికి దాదాపు 118 రూపాయలు. అర వాటు సప్లై అయితే 3.3 యూనిట్లు, 20 రూపాయలు. దీనికోసం రోజూ వంగి బల్ల కింద స్విచ్ వెతకాలా అంటే, బిల్లు కోణంలో అవసరం లేదనే చెప్పాలి.

కానీ ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సుకు సీపీయూ ఒక్కటే లేదు. మానిటర్ అర వాటు, ప్రింటర్ 2 వాట్లు, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బాస్ స్పీకర్లు 5 వాట్లు వేసుకుంటే సీపీయూతో కలిపి 10.5 వాట్లు. అదే లెక్కన ఏడాదికి 69 యూనిట్లు, 414 రూపాయలు. చెయ్యి పెడితే స్పీకర్ డబ్బా వెనక వెచ్చగా తగులుతుందే, ఆ వెచ్చదనమే ఈ డబ్బు. దొంగ సీపీయూ కాదు, స్పీకర్లన్నమాట. వాటికి చాలావరకు వెనక విడిగా స్విచ్ ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు.

కాలేజీ ల్యాబులో లెక్క మారుతుంది. 30 సిస్టమ్‌లు, ఒక్కోటి 3 వాట్లు, రోజుకు 18 గంటలు: ఏడాదికి 591 యూనిట్లు. ఒక్కో సిస్టమ్‌కు చిన్న యూపీఎస్ ఉండి, అది ఊరికే ఉండటానికే 8 వాట్లు తింటే ఇంకో 1,577 యూనిట్లు. ఇక్కడ స్విచ్ కట్టడానికి డబ్బు కారణం ఉంది.

"కట్టేశాకే పోయింది" అన్న ఫిర్యాదు వెనక కెపాసిటర్

ఇప్పుడు రెండో షాపువాళ్ల కథ. మూడు నాలుగేళ్లుగా నడుస్తున్న సిస్టమ్. ఎప్పుడూ గోడ స్విచ్ కట్టరు. పండక్కి నాలుగు రోజులు ఊరెళ్తూ కట్టేశారు. తిరిగొచ్చి వేస్తే ఉలుకూ పలుకూ లేదు. ఎస్‌ఎంపీఎస్ మార్చితే లేచింది. స్విచ్ కట్టడం వల్లే పోయిందని ఎవరైనా అనుకుంటారు.

లోపల జరిగింది ఇది. స్టాండ్‌బై సప్లై మొదట లేవడానికి, కాస్త కరెంటు దాచుకునే ఒక చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ సాయం చేస్తుంది. బండికి కిక్కు లాంటి పని దానిది. ఒకసారి లేచాక సర్క్యూట్ తన కరెంటు తానే తయారుచేసుకుంటుంది కాబట్టి కిక్కు ఎంత బలహీనపడినా బయటకు తెలియదు. వేడికి ఆ కెపాసిటర్ లోపలి ద్రవం మెల్లగా ఎండిపోతూ వస్తుంది. సప్లై ఆగకుండా నడుస్తున్నంతకాలం అంతా బాగున్నట్టే ఉంటుంది. పూర్తిగా ఆపి మళ్లీ వేసిన రోజున కిక్కు అందదు. ఆ నాలుగు రోజుల్లో పాడైందేమీ లేదు, ఎప్పుడో పాడైన సంగతి ఆ రోజు బయటపడింది. స్విచ్ కట్టకపోయి ఉంటే తర్వాతి పెద్ద కరెంటు కోతకు అదే జరిగేది. మన జిల్లాల్లో దానికి ఎక్కువ రోజులు కాచుకోనక్కర్లేదు.

నిజానికి అరుగుదల లెక్క స్విచ్ కట్టేవాళ్ల వైపే మొగ్గుతుంది. ఇలాంటి కెపాసిటర్‌కు సాధారణంగా 105 డిగ్రీల దగ్గర 2,000 గంటల ఆయుష్షు చెబుతారు. వేడి పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుంది. డబ్బాలో దాని చుట్టూ 65 డిగ్రీలు ఉంటే 32,000 గంటలు. ఇరవై నాలుగు గంటలూ నడిస్తే మూడేళ్ల ఎనిమిది నెలలు. అదే 45 డిగ్రీలైతే 1,28,000 గంటలు, పద్నాలుగేళ్లు దాటుతుంది. రోజుకు ఎనిమిది గంటలే కరెంటు ఉంటే 65 డిగ్రీల దగ్గర కూడా పదేళ్ల పైమాటే. షట్‌డౌన్‌లో ఫ్యాను తిరగదు, అయితే పెద్ద సప్లై వేడి కూడా ఉండదు కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు. మంచి సప్లైలో తేడా కనపడకపోవచ్చు. కాగితం మీద 450 వాట్లు అని రాసి, ఎత్తితే దూదిపింజలా తేలిపోయే సప్లైలో మాత్రం తేడా ఉంటుంది.

స్విచ్ వేసినప్పుడు వచ్చే టప్ చప్పుడు

రోజూ స్విచ్ కట్టి వేయడం మంచిది కాదనేవాళ్ల దగ్గరున్న గట్టి వాదన ఇది. స్విచ్ వేసిన క్షణంలో స్విచ్ బోర్డు లోపల టప్‌మని చప్పుడు వస్తుంది, చిన్న నిప్పురవ్వ కనిపిస్తుంది. ఎస్‌ఎంపీఎస్ లోని పెద్ద కెపాసిటర్ ఖాళీగా ఉండి ఒక్కసారిగా కరెంటు తాగుతుంది. 230 వోల్టుల అలకు శిఖరం 325 వోల్టులు. దారిలో అడ్డు పెట్టే థర్మిస్టర్ చల్లగా ఉన్నప్పుడు 5 ఓములు ఉంటే, గరిష్ఠంగా 65 ఆంపియర్లు. కొన్ని మిల్లీసెకన్లే, కానీ 6 ఆంపియర్ల స్విచ్‌కు అది చిన్న దెబ్బేమీ కాదు. వదులైన ప్లగ్గు, కాలి నల్లబడిన కాంటాక్టు ఉన్న బోర్డులో రోజురోజుకూ గుంట పడుతుంది. ఆ చప్పుడు పెరుగుతుంటే మార్చాల్సింది స్విచ్‌ను.

ఎస్‌ఎంపీఎస్ వైపు నుంచి చూస్తే భయం తక్కువ. రాత్రంతా ఆగిన థర్మిస్టర్ చల్లగా ఉంటుంది, అడ్డు బాగా పెడుతుంది. అది వేడెక్కితే అడ్డు 1 ఓము కంటే కిందికి పడిపోతుంది. సిస్టమ్ జోరుగా నడుస్తుండగా కరెంటు పోయి, రెండు మూడు సెకన్లలో తిరిగి వస్తే, కెపాసిటర్ ఖాళీ, థర్మిస్టర్ వేడి. అసలు దెబ్బ అప్పుడు పడుతుంది. అంటే మీరు రాత్రి ఒకసారి కట్టి పొద్దున్న వేయడం కంటే, సాయంత్రం గాలికి తీగలు తగులుకుని కరెంటు పోతూ వస్తూ ఉండటమే దానికి చేటు. అలాంటి సాయంత్రం సిస్టమ్ ఆపి, స్విచ్ కట్టి, కరెంటు కుదురుకున్నాక వేయడానికి ఇదే కారణం. చేత్తో కట్టి వేసినా మధ్యలో ఒక నిమిషం ఎడం ఉంటే థర్మిస్టర్ చల్లారుతుంది.

ల్యాబుల్లో ఇంకో చిక్కు. ఒకే మెయిన్ మీద ఇరవై ముప్పై సిస్టమ్‌లు పెట్టి పొద్దున్నే ఒక్కసారిగా వేస్తే అన్ని కెపాసిటర్లూ కలిసి తాగుతాయి, ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట తానే ఆగే మెయిన్ స్విచ్) పడిపోతుంది. సి రకం 16 ఆంపియర్ల ఎంసీబీ 80 నుంచి 160 ఆంపియర్ల మధ్య వెంటనే తెగుతుంది. వైరింగ్‌లో లోపం ఉందని ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు. వరసకో స్విచ్ పెట్టుకుని ఒక్కో వరసే వేస్తే సమస్య ఉండదు.

రూపాయి బిళ్లంత సెల్లు, ఆగిపోయే గడియారం

మదర్‌బోర్డు మీద ఉండే 2032 సెల్లు 3 వోల్టులది, సామర్థ్యం దాదాపు 225 మిల్లీఆంపియర్ అవర్లు. గోడ స్విచ్ వేసి ఉంటే సిస్టమ్ లోపలి గడియారం స్టాండ్‌బై కరెంటు మీద నడుస్తుంది, సెల్లు సెలవులో ఉంటుంది. స్విచ్ కడితే సెల్లు ఖర్చవుతుంది. గడియారం 5 మైక్రోఆంపియర్లు తీసుకుంటే 45,000 గంటలు, ఐదేళ్లు. రోజుకు 16 గంటలే సెల్లు మీద ఉంటే ఏడేళ్లు దాటుతుంది. మార్కెట్లో దొరికే నాసిరకం సెల్లు అంతకాలం రాదు, అయినా కొద్ది రూపాయల వస్తువు కోసం నిర్ణయం మార్చుకోనక్కర్లేదు.

సెల్లు చచ్చిన సంగతి మాత్రం విచిత్రంగా బయటపడుతుంది. తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. బ్రౌజర్ ఏ వెబ్‌సైట్ తెరిచినా భద్రత లేదని ఎర్రజెండా చూపిస్తుంది, ఎందుకంటే ఆ సైట్ సర్టిఫికెట్ ఆ తేదీకి ఇంకా పుట్టలేదు. నెట్ పోయిందని నెట్ వాళ్లకు ఫోన్ చేసేముందు తెర మూలన ఉన్న గడియారం, తేదీ చూస్తే చాలు.

పిడుగుల కాలంలో స్విచ్ ఎంతవరకు కాపాడుతుంది

మన వైపు ఈ చర్చను తేల్చేది ఇదే. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఉక్కపోసి సాయంత్రానికి ఉరుములు, పిడుగులు. సెప్టెంబరు, అక్టోబరులో మళ్లీ. స్టాండ్‌బైలో ఉన్న సిస్టమ్ అంటే తీగలకు తగిలించి ఉన్న సిస్టమే. దూరంగా లైన్ మీద పిడుగు పడినా ఆ పోటు తీగ వెంట వచ్చి ముందు ఆ చిన్న సప్లైని, దాని వెనక మదర్‌బోర్డును తాకుతుంది.

గోడ స్విచ్ కడితే ఎంత రక్షణ? కొంత. స్విచ్ కరెంటు తెచ్చే ఫేజ్ తీగను మాత్రమే తెంపుతుంది. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్, భూమికి కలిపే ఎర్త్ తగిలే ఉంటాయి, పోటు వాటి మీదుగానూ వస్తుంది. స్విచ్ లోపల రెండు ముక్కల మధ్య ఎడం మిల్లీమీటర్లలో ఉంటుంది. గాలి మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు ఆపగలదు. అంటే మామూలు వోల్టేజీ పోట్లకు ఆ ఎడం చాలు, దగ్గర్లో పడ్డ పిడుగుకు చాలదు. దానికి మందు ప్లగ్గు పీకేయడం ఒక్కటే. స్పైక్ బాక్సులో ఉండే ఎంఓవీ అనే బిళ్ల పోటును కొంత మింగుతుంది, కానీ ప్రతి దెబ్బకూ అరుగుతుంది. అది అరిగిపోయాక కూడా ఎర్ర దీపం వెలుగుతూనే ఉండొచ్చు.

ప్లగ్గు పీకి లాన్ కేబుల్ వదిలేస్తే సగం పనే అయినట్టు. ఇంటికి వచ్చేది ఫైబర్ అయితే గాజు తీగలో కరెంటు పారదు. కానీ స్తంభాల మీదుగా వచ్చే ఆ కేబుల్‌కు బలం కోసం ఇనుప తీగ ఉంటుంది. ఫైబర్ బాక్సు అడాప్టర్ గోడ కరెంటు మీదే నడుస్తుంది. బాక్సు నుంచి సీపీయూకు వచ్చే లాన్ కేబుల్ రాగిది. పిడుగు తర్వాత సిస్టమ్ బాగానే లేచి నెట్ మాత్రం రాని సందర్భాల్లో చాలాసార్లు కాలింది మదర్‌బోర్డు మీది ఆ లాన్ చిప్పే.

ఇవన్నీ ఉరుము వినపడక ముందు చేసే పనులు. ఉరుముతుండగా వెళ్లి ప్లగ్గు పట్టుకోవడం సిస్టమ్ కోసం మనిషిని పణం పెట్టడమే. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక చూపిస్తుంది. షాపు వదిలి వెళ్లే మనిషికి అది కూడా అక్కర్లేదు. మబ్బు పట్టినా పట్టకపోయినా పీకి వెళ్తే సరి.

తుఫాను వెళ్లాక వచ్చే కరెంటు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం వైపు వచ్చిన గులాబ్. ఇలాంటి తుఫాన్లకు స్తంభాలు పడి ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉంటాయి. కరెంటు లేనప్పుడు స్విచ్ ఎలా ఉంటే ఏమని వదిలేస్తాం. ప్రమాదం కరెంటు తిరిగి వచ్చే ఘడియలో ఉంది.

మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ తెగి ఉండగా ఫేజులకు కరెంటు వస్తే, ఒక ఇంటికి 230 బదులు 400 వోల్టుల దాకా రావొచ్చు. దాని శిఖరం 566 వోల్టులు. ఎస్‌ఎంపీఎస్ లోని పెద్ద కెపాసిటర్ ఓర్చుకునేది 400 నుంచి 450 వోల్టులు. కొన్ని క్షణాల్లో పొగ. ఎంఓవీ క్షణికమైన పోటును మింగడానికి పుట్టింది, నిలకడగా 400 వస్తే అదే ముందు మాడుతుంది. ఇక్కడ మాత్రం గోడ స్విచ్ చక్కగా పనికొస్తుంది, ఎందుకంటే 400 వోల్టులు ఆ ఎడం దూకలేవు. స్విచ్ ఫేజ్ తీగ మీదే ఉండాలి, అంతే. కరెంటు వచ్చాక ముందు బల్బు వేసి దాని వెలుగు నిలకడగా ఉందో, మిరుమిట్లు గొలుపుతోందో చూసి సిస్టమ్ స్విచ్ వేయడం పాత ఎలక్ట్రీషియన్ల అలవాటు. మల్టీమీటర్ ఉంటే మరీ మంచిది.

కొన్ని సిస్టమ్‌లు కరెంటు రాగానే ఎవరూ నొక్కకుండానే లేస్తాయి. దెయ్యం పట్టలేదు. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలి అన్న సెట్టింగ్ ఆన్ అని ఉంటే అలా జరుగుతుంది. అర్ధరాత్రి కరెంటు పోతూ వస్తూ ఉంటే ఆ సిస్టమ్ లేస్తూ పడుతూ ఉంటుంది. ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంచాలి, లేదా గోడ స్విచ్ కట్టాలి.

యూపీఎస్ ఉన్నచోట కట్టాల్సిన స్విచ్ వేరు

ఎక్కువ నష్టం చేసే అలవాటు ఇక్కడుంది. సిస్టమ్ షట్‌డౌన్ చేసి, యూపీఎస్ ఆపకుండా, గోడ స్విచ్ కట్టేస్తారు. యూపీఎస్‌కు అది కరెంటు కోతే. బ్యాటరీ మీదికి వెళ్లి కీచుకీచుమంటుంది, ఎవరూ లేని షాపులో బ్యాటరీ అడుగంటేదాకా అరుస్తుంది. 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ సీల్డ్ బ్యాటరీని ప్రతి రాత్రీ ఇలా పిండితే నెలల్లో చేతులెత్తేస్తుంది. యూపీఎస్ నాసిరకం అని తిట్టుకుని ఇంకోటి కొంటారు, దానికీ అదే గతి.

షట్‌డౌన్ అయ్యాక యూపీఎస్ ముందు బటన్ నొక్కి ఆపితే సీపీయూకు కరెంటు పూర్తిగా తెగుతుంది, మదర్‌బోర్డు మీది ఎల్‌ఈడీ కూడా ఆరుతుంది. గోడ స్విచ్ వేసి ఉంటే చాలా యూపీఎస్‌లు బటన్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీని నింపుతూనే ఉంటాయి. మామూలు రోజుల్లో ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. పిడుగుల రోజున, లేదా ఊరెళ్లేటప్పుడు, ముందు బటన్ ఆపి, ఆ తర్వాత ప్లగ్గు పీకాలి. వరస తిరగబడితే మళ్లీ ఆ కీచురాగమే. బ్యాటరీని నెలల తరబడి నింపకుండా ఉంచితే తనంతట తనే దిగిపోయి పాడవుతుంది. వేసవి సెలవులకు మూసిన ల్యాబులో మధ్యలో ఒకరోజు ఛార్జింగ్ పెట్టడం అందుకే.

టెస్టర్ వెలిగితే చూడాల్సింది ఎర్త్‌ను

షట్‌డౌన్ చేసి ఉన్న సీపీయూ రేకుకు చెయ్యి తగిలితే సన్నగా జిల్లుమంటుంది. వెనక మర మీద టెస్టర్ పెడితే వెలుగుతుంది. గోడ స్విచ్ కడితే పోతుంది. కాబట్టి ఇక నుంచి స్విచ్ కట్టేద్దాం అనుకుంటారు. అది జబ్బును వదిలి నొప్పిని నొక్కిపెట్టడం.

ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి రేకుకు, న్యూట్రల్ నుంచి రేకుకు చెరో చిన్న కెపాసిటర్ ఉంటుంది. సిగ్నల్ గోలను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఇంట్లో ఎర్త్ లేకపోతే రేకు రెండింటి నడుమ సుమారు 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. కెపాసిటర్ 4.7 నానోఫారడ్ అయితే మనిషిలోంచి పారేది దాదాపు 0.34 మిల్లీఆంపియర్లు. ప్రాణానికి ముప్పు లేదు, తెలుస్తుంది అంతే. అయితే ఎర్త్ లేని ఒకే ఎక్స్‌టెన్షన్ మీద ఆరు సిస్టమ్‌లు పెడితే అన్నీ కలిసి 2 మిల్లీఆంపియర్లు. అప్పుడు జిల్లుమనడం కాదు, చెయ్యి వెనక్కి లాక్కుంటాం.

స్విచ్ కట్టాక కూడా టెస్టర్ వెలుగుతూ ఉంటే విషయం ఇంకా ముదిరినట్టు. ఆ బోర్డులో తీగలు తారుమారై, స్విచ్ న్యూట్రల్‌ను తెంపుతోంది, ఫేజ్ మాత్రం సీపీయూ దాకా అలాగే ఉంది. పైన తుఫాను లెక్కలో చెప్పిన రక్షణ ఆ బోర్డుకు వర్తించదు. ర్యామ్ మార్చడానికి డబ్బా తెరిచేవాళ్లు స్విచ్‌ను నమ్మకుండా వెనక పవర్ కార్డు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, మదర్‌బోర్డు మీది ఎల్‌ఈడీ ఆరిందో లేదో చూశాకే చెయ్యి పెట్టడం దీనివల్లే. ఊదా వైరులో 5 వోల్టులు ఉండగా ర్యామ్ పీకితే ర్యామ్ గానీ స్లాటు గానీ పోవచ్చు.

స్విచ్ కట్టకూడని సిస్టమ్‌లు

కొన్ని చోట్ల స్టాండ్‌బై కరెంటుకు పని ఉంటుంది. నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచి సిస్టమ్‌ను లేపే ఏర్పాటు దాని మీదే నడుస్తుంది. రాత్రి వేళ ల్యాబు మొత్తానికి సాఫ్ట్‌వేర్ ఎక్కించే సిబ్బంది పొద్దున్న వచ్చి చూస్తే వాచ్‌మన్ స్విచ్‌లు కట్టేసిన వరస ఒక్కటే పాతగా ఉండిపోతుంది. సీసీ కెమెరాల రికార్డర్‌ను సీపీయూతో పాటు ఒకే బాక్సుకు పెట్టిన షాపులో, యజమాని జాగ్రత్తగా బాక్సు స్విచ్ కట్టి వెళ్తాడు. రాత్రంతా కెమెరాలు గుడ్డివి. రికార్డర్‌కు, ఫైబర్ బాక్సుకు వేరే సాకెట్ ఇచ్చి, సీపీయూ, మానిటర్, స్పీకర్లు, ప్రింటర్‌ను ఒక బాక్సులో పెడితే ఒకే స్విచ్‌తో పని అయిపోతుంది.

ల్యాప్‌టాప్‌కు ఈ గొడవ చాలా తక్కువ. ఛార్జర్ ఊరికే ఉంటే అర వాటు లోపే, బ్యాటరీ ఉంది కనుక డేటా భయం లేదు. పిడుగు మాత్రం ఛార్జర్‌నూ విడిచిపెట్టదు.